ఒక ఇంటికి ఒకే ఖాతా

చీటీ మీద డెబ్భై మూడు, గోడమీది తెరలో నలభై ఆరు, అంటే ముందు ఇంకా ఇరవై ఆరుమంది, గంట పడుతుంది, పట్టనీ అనుకుంది నవోయె, గంట కాకపోతే రెండు పట్టనీ, ఇవాళ పదిహేనో తారీకని తెలియకుండా వచ్చిందా ఏమిటి. రెండు నెలల పింఛను ఒక్కసారే పడే రోజు, ఊళ్ళో అరవై అయిదు దాటిన ప్రతి ప్రాణీ గొడుగేసుకుని బ్యాంకుకొచ్చి కూర్చునే రోజు, సకాతాలో పుట్టిన పిల్లిని అడిగినా చెబుతుంది. పదిహేనున వెళ్దామని ఆమె అన్నప్పుడు మొగుడు కెన్సకు సరేనన్నాడు, అతని పింఛను వచ్చే ఏడాది గాని మొదలవదు, ఆ తారీకు అతనికి ఇంకా ఒంటబట్టలేదు. పొద్దున కారు లోపలికి తిప్పి, కార్లతో కిక్కిరిసిన ఆవరణ చూశాక గాని అతనికి వెలగలేదు. "ఏమోయ్, ఇవాళ పింఛన్ల రోజు కదా, చెప్పొద్దూ?" అన్నాడు. "మర్చిపోయానండీ" అంది. అబద్ధం. క్యాలెండరు ముందు నిలబడి, నెల మొత్తంలో ఏ రోజున బారు అన్నిటికంటే పొడుగ్గా ఉంటుందో చూసి మరీ ఎంచుకుంది. ఖాతా మూసెయ్యక తప్పదు, ఒప్పుకుంది, కానీ మూసేముందు ఆ పాసుపుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని కాసేపు కూర్చోవాలి, ఇంట్లో అలా కూర్చుంటే ఎందుకు కూర్చున్నావని అడుగుతాడు, ఇక్కడ ఎవరూ అడగరు, ఇక్కడ అందరూ కూర్చోవడానికే వచ్చారు.

పక్క కుర్చీలో ముసలాయన తడి గొడుగు ఆమె మడమ మీద చుక్కలు రాలుస్తోంది. జరగబోయి జరగలేదు. సంచీలో మూడు వస్తువులున్నాయి, కారులోనే రెండుసార్లు తడిమి చూసుకుంది, గుడ్డ తొడుగులో పాసుపుస్తకం, సంతకం బదులు వేసే ఇంటిపేరు చెక్కిన ముద్ర, పురపాలక కార్యాలయంలో పోయిన వారం తీసుకున్న కుటుంబ నమోదు నకలు. ముద్ర తీసుకొస్తానంటే కెన్సకు నవ్వాడు, ఇంట్లో ఉన్నదే ఒకటి కదా, అడగాలా అని. నిజమే, ఇప్పుడు ఒకటే. నిరుడు వేసవి దాకా నాలుగు ముద్రలు, పదకొండు పాసుపుస్తకాలు, తొమ్మిది కార్డులు ఉండేవి ఆ ఇంట్లో, ఇద్దరు మనుషులకి. ఉద్యోగం దిగిన మూడో నెలలో అతనికి ఆ పిచ్చి పట్టుకుంది. గ్యాసు కంపెనీలో ముప్ఫై తొమ్మిదేళ్ళు మీటర్లు చదివిన మనిషి, చదవడానికి మీటరు లేకపోయేసరికి ఇంటిని చదవడం మొదలుపెట్టాడు. సోయా సీసాలు రెండెందుకు? ఒకటి అయ్యాక ఇంకోటి కొనొచ్చుగా. ఇంట్లో ఫోను ఎందుకు? పేపరు ఎందుకు? కొత్త సంవత్సరం కార్డులు ఇకమీదట పంపబోమని చెబుతూ అందరికీ ఒక కార్డు పంపాడు, అది చదివి వంద గుమ్మాలవతల ఉండే చేపల కొట్టు సెత్సుయో కూడా ఫోను చేసి, ఏం, మీ ఆయన సన్యాసం పుచ్చుకుంటున్నాడా అంది. చివరికి భోజనాల బల్లమీద పాసుపుస్తకాలన్నీ పేకముక్కల్లా పరిచి, ఒక ఇంటికి ఒకే ఖాతా, ఒకే కార్డు, ఒకే ముద్ర అన్నాడు. అందులోంచి నెల మొదట్లో డబ్బు తీసి నాలుగు కవర్లలో పెట్టడం, తిండి, ఇల్లు, మందులు, షికారు, కవరు ఖాళీ అయితే ఆ నెలకి ఆ ముచ్చట ఖాళీ. పిసినారి కాడు, షికారు కవరు పల్చగా ఉంటే తన సిగరెట్లు మానుకుని అందులో వేసే రకం. ఆ ఒక్క పాసుపుస్తకానికీ లోపలిది పైకి కనబడే ప్లాస్టిక్ తొడుగొకటి కొన్నాడు, జిప్పుది, సరిగ్గా ఒక్కటే పట్టేది. రెండు పట్టేది కొంటే రెండోది పుడుతుంది అన్నాడు, ఏదో గొప్ప మాట చెప్పినట్టు ఆమె వంక చూశాడు.

యాభై ఒకటి. గాజు అద్దానికవతల వాన సన్నగా, సముద్రం వైపునుంచి ఏటవాలుగా. కారులో ఉన్నాడు, రేడియో వింటుంటాడు, లోపలికి రానన్నాడు, నీ డబ్బు నీ ఇష్టం, నేను చూడను అన్నాడు. పెద్దమనిషే, అందులో సందేహం లేదు. పోయిన నెల ఇల్లు సర్దుతూ, కుట్టుపెట్టె కింది అరలో గుడ్డ తొడుగు అంచు కనబడగానే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఓహో, బియ్యం డబ్బా కింద డబ్బా? నలభై ఏళ్ళుగా నా అన్నంలోంచి ఎన్ని ముద్దలు తీశావోయ్?" అని పెద్దగా నవ్వాడు, తరువాత మెల్లగా, "లోపల చూడను. ఏం కొనుక్కుంటావో కొనుక్కో. ఖాతా మాత్రం మూసెయ్. మనం పోయాక ఎవరు తిరుగుతారు వీటన్నిటికీ?" అన్నాడు. అతని పెద్దమ్మ పోయినప్పుడు తిరిగింది వీళ్ళే. పదిహేడు పాసుపుస్తకాలు, ఒకదాంట్లో ఎనభై మూడు యెన్లు, ఆ ఎనభై మూడు యెన్లు తీయడానికి పెద్దమ్మ పుట్టినప్పటినుంచి పోయేదాకా ఉన్న కాగితాలన్నీ మూడు ఊళ్ళనుంచి తెప్పించాల్సొచ్చింది. అతని మాటలో తప్పులేదు. ఎప్పుడూ అతని మాటలో తప్పుండదు, అదే బాధ. అప్పుడే చెప్పాల్సింది, ఏమండీ అది నాది కాదు అని. నోటిదాకా వచ్చింది. నవ్వుతున్న మనిషి మొహం మీద ఆ పేరు ఎలా వేస్తుంది? ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ పైకి అనని పేరు.

చిహయ. లోపల అనుకోవడానికి ఖర్చు లేదు. చిహయ, చిహయ. పుట్టిన నాలుగో నెలలో అత్తగారు, పుట్టింటివాళ్ళు, గ్యాసు కంపెనీవాళ్ళు ఇచ్చిన కవర్లన్నీ పట్టుకుని ఇదే బ్యాంకుకి వచ్చింది, అప్పుడు కుర్చీలు ఆకుపచ్చవి, పిల్ల వీపున కట్టుకుని ఉంది, పిల్ల పేరుతో ఖాతా తెరిచింది. అందరూ చేసేదే. పాసుపుస్తకం మీద పేరు అచ్చయి వచ్చినప్పుడు కెన్సకు దాన్ని లాంతరులా పైకెత్తి పట్టుకుని, "ఇదిగోనమ్మా, నీకు బ్యాంకులో ఖాతా ఉంది, నాకంటే ముందు నువ్వే ధనవంతురాలివి" అన్నాడు, వీపున పిల్ల తుమ్మింది. ఆ రోజునుంచే అతను నవోయెను అమ్మా అని పిలవడం, ఆమె అతన్ని నాన్నా అనడం. ఆ ఊళ్ళో పిల్లలున్న మొగుడూ పెళ్ళాలు అలాగే పిలుచుకుంటారు, ముసలివాళ్ళయినా అంతే. వాళ్ళకి ఆ పిలుపు మూడేళ్ళు నిండకుండానే చెల్లిపోయింది. ఫిబ్రవరిలో రెండురోజుల జ్వరం, ఆసుపత్రిలో ఒక రాత్రి, మంచులో కారు కదల్లేదు, నడిచే వచ్చారు ఇంటికి, ఆమె చేతిలో పిల్ల బూట్లున్నాయి. తరువాత ఒకరినొకరు ఏమని పిలవాలో తెలియలేదు. ఇదిగో, ఏమోయ్, ఏమండీ. ఇంకో పిల్ల పుడితే ఆ మాటలు మళ్ళీ వచ్చేవేమో, పుట్టలేదు.

యాభై ఎనిమిది. నంబర్లు తొందరగా పోతున్నాయి, ఎందుకంత తొందర వీళ్ళకి. ఆ ఏడు ఆమె చెప్పాల్సిన చోట్లన్నిటికీ వెళ్ళి చెప్పింది, పురపాలక కార్యాలయానికి, బాలల బడికి, టీకాలవాళ్ళకి, బీమా మనిషికి. ప్రతిచోటా ఒక కాగితం ఇచ్చేవారు, ప్రతిచోటా ఒక గడిలో ఆ మాట రాయాలి, రాసేది. బ్యాంకొక్కటే మిగిలింది. నలభై తొమ్మిదో రోజు కర్మ అయ్యాక వెళ్దామనుకుంది. బూడిద సమాధిలో పెట్టారు, రెండురోజులు పుట్టింట్లో ఉండి తిరిగొచ్చింది, తలుపు తీసింది, ఇల్లు వెడల్పుగా ఉంది. మొదట ఆ వెడల్పు అర్థం కాలేదు. సొరుగు తీస్తే ఖాళీ, ఇంకో సొరుగు ఖాళీ, చిన్న కంచం లేదు, పిల్ల తినే పసుపురంగు బొచ్చె లేదు, గోడమీద పెన్సిలుతో గీసిన ఎత్తు గీతలు తడిగుడ్డతో తుడిచిన గుర్తు ఉంది. కెన్సకు వంటింట్లో నిలబడి ఒక్క గ్లాసునే కడుగుతున్నాడు, కడిగిందే కడుగుతున్నాడు. ఏమనలేదు ఆమె. అనుంటే బాగుండేది, అరిచుంటే, ఆ గ్లాసు లాక్కుని నేలకేసి కొట్టుంటే. లోపలికి వెళ్ళి కుట్టుపెట్టె తీసింది, పాసుపుస్తకం ఉంది, అక్కడ వెతకాలని అతనికి తోచలేదు. ఆ పూటే అనుకుంది, బ్యాంకుకి చెప్పను. వాళ్ళ లెక్కలో ఒక్కచోటన్నా అది బతికుండనీ.

మరుసటి ఏడు జనవరి నాలుగున, బ్యాంకు తెరిచిన మొదటి రోజు, వెయ్యి యెన్లు వేసింది. కొత్త సంవత్సరం నాడు పిల్లల చేతిలో పెట్టే కవరు, ఆ వయసుకి వెయ్యి, అంతకంటే ఎక్కువిస్తే పిల్లలు చెడిపోతారు. తరువాతి ఏడు వెయ్యి. బడిలో చేరే ఏటికి రెండు వేలు. ఎప్పుడేం చెయ్యాలో ఆమెకి మినోరి చెప్పేది, చెప్పేదంటే ఆ పిల్లకి తెలిసి చెప్పడం కాదు, సెత్సుయో కూతురు మినోరి, చిహయ పుట్టిన నెలలోనే పుట్టింది, చేపల కొట్టు ముందు ఎదుగుతూ ఉండేది. మినోరి వీపున కొత్త బడిసంచీ కనబడితే ఇక్కడా బడి మొదలయ్యేది. మినోరికి పళ్ళూడినప్పుడు ఇక్కడా ఊడాయి. నాలుగో తరగతికి మూడు వేలు, మినోరి పొట్టి గౌను మానేసి మోకాళ్ళు దాటే యూనిఫాం వేసుకున్న ఏడు అయిదు వేలు, హైస్కూలుకి పదివేలు. మినోరి అక్కడితో చదువు ఆపి కొట్లో కూర్చుంది. నవోయె ఆపించలేదు. తను చదవలేకపోయింది కాబట్టి కూతుర్ని సెందాయి కాలేజీకి పంపింది, నాలుగేళ్ళు పదేసివేలు వేసింది, ఏం చదివిందో మాత్రం తేల్చుకోలేకపోయింది, ఒక ఏడు దంతవైద్యం అనుకుంది, ఒక ఏడు చరిత్ర. ఇరవై రెండో ఏడు కాగానే ఆపేసింది. ఉద్యోగం చేసే పిల్లకి కవరేమిటి. ఆపేసిన జనవరి నాలుగున చేతులు ఖాళీగా ఉండి కిటికీలన్నీ తుడిచింది.

అరవై నాలుగు. ముసలాయన లేచి వెళ్ళాడు, గొడుగు మర్చిపోయాడు, మళ్ళీ వచ్చాడు, ఆమె వంక చూసి సిగ్గుపడ్డాడు. ఆ తరువాత ఆరేళ్ళు అందులో ఒక్క గీతా పడలేదు. ఆరో ఏడు మినోరికి పెళ్ళయింది. పిలుపు వచ్చింది, కానుక ముప్ఫై వేలు, మూడు పదివేల నోట్లు, నోట్లు బేసి సంఖ్యలోనే ఇవ్వాలి, రెండుగా చీలేది ఇవ్వకూడదు, నోట్లు మడత ఎరగనివయ్యుండాలి, ఇచ్చేవాళ్ళు ముందునుంచీ ఎదురుచూశారని గుర్తు. బ్యాంకుకొచ్చి కొత్త నోట్లు కావాలని అడిగింది, మూడు అడగబోయి ఆరు అంది. లోపలమ్మాయి ఆరు పదివేల నోట్లు లెక్కపెట్టి, పళ్ళెంలో పెట్టి, రెండు శుభకార్యాలా అని నవ్వింది. అవునంది. మూడు కవరులో పెట్టుకుంది, మూడు మళ్ళీ అదే పళ్ళెంలో పెట్టి పాసుపుస్తకం జతచేసి ఇచ్చింది, ఈ ఖాతాలో వెయ్యండి. ఆ అమ్మాయి ఇప్పుడే ఇచ్చిన నోట్ల వంకా ఆమె వంకా చూసింది, పాతవైనా ఫరవాలేదండీ ఖాతాకి, అంది జాలిగా, పెద్దావిడకి తెలియదేమోనని. తెలుసమ్మా, అవే వెయ్యి, అంది. పెళ్ళిలో మినోరి తెల్లటి ముసుగు సర్దుకుంటూ వంగి నమస్కరించినప్పుడు నవోయె ఏడ్చింది, పక్కన కెన్సకు రుమాలు ఇచ్చాడు, మొహం అటు తిప్పుకుని ఇచ్చాడు. అతనెందుకు అటు తిప్పుకున్నాడో ఈ కుర్చీలో కూర్చునేదాకా ఆమె ఎన్నడూ ఆలోచించలేదు.

ఎందుకు ఆలోచించలేదు? సంచీలో నకలు కాగితం చేతికి తగిలింది. ఖాతాదారు పోయారని చెప్పి మూయాలంటే ఇది కావాలని పురపాలక కార్యాలయానికి వెళ్ళింది, నాలుగువందల యాభై కట్టింది, కాగితం చేతికొచ్చింది, అందులో కెన్సకు ఉన్నాడు, నవోయె ఉంది. చిహయ లేదు. కొట్టివేసిన గీత కూడా లేదు. పొరపాటేమో చూడండి అంటే ఆ కుర్రాడు చాలా మర్యాదగా చెప్పాడు, అప్పుడెప్పుడో పుస్తకాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించారండీ, అప్పటికే కొట్టేసిన పేర్లు కొత్తదాంట్లోకి రాయలేదు, పాతది కావాలంటే వేరే రుసుము. వద్దని వచ్చేసింది. మెట్ల మీద నిలబడి కాగితాన్ని రెండువైపులా తిప్పి చూసింది. ప్రభుత్వం కూడా కెన్సకు లాగే ఒకరోజున ఇల్లు సర్దుకుంది, అనుకుంది, కోపంతో. ఆ కోపం వారం రోజులుగా అలాగే ఉంది, ఇప్పుడు ఈ కుర్చీలో ఎందుకో ఆ గ్లాసు గుర్తొచ్చింది, కడిగిందే కడుగుతున్న గ్లాసు. ఉద్యోగం దిగి ఊసుపోక మొదలుపెట్టాడని ఊరందరికీ చెబుతూ వచ్చింది గాని, ఈ మనిషి పారేయడం మొదలుపెట్టింది నిరుడు కాదే, ఆ ఏప్రిల్లో, రెండురోజుల్లో ఒక్కడూ ఇల్లంతా మోసి పారేశాడు, ఎవరి సాయమూ లేకుండా, పసుపు బొచ్చె చేత్తో పట్టుకుని చెత్త దాకా నడిచాడు. ఏం ఉంటే ఏం పోతుందో అని అప్పటినుంచీ తగ్గించుకుంటూ వస్తున్నాడు, సీసాలు, కార్డులు, ఫోను. పోవడానికి ఏమీ లేని ఇల్లు కావాలి అతనికి. అయ్యో పిచ్చివాడా, అనుకుంది, ముప్ఫై ఒక్క ఏళ్ళలో మొదటిసారి.

డెబ్భై మూడు. లేచింది. కాగితం నింపాలి, ఖాతాదారు పేరు, నిలబడి ఆ పేరు రాస్తుంటే చెయ్యి పాత ఇల్లు గుర్తుపట్టినట్టు దానంతటదే వెళ్ళింది. పుట్టినతేదీ. ముద్ర. గాజు వెనక అబ్బాయి కొత్తవాడు, చెవులు ఎర్రగా ఉన్నాయి, పళ్ళెంలో కాగితాలు తీసుకుని, "కూర్చోండి, పేరుతో పిలుస్తాం" అన్నాడు. నకలు సంచీలోనే ఉండిపోయింది. ఇవ్వాలి, చెప్పాలి, వెనక్కి వెళ్ళి ఇవ్వనా, ఇంతలోకి తన కుర్చీలో ఇంకెవరో కూర్చున్నారు, నిలబడే ఉంది, అప్పుడు మైకులో, పింఛన్ల గోలంతటి మీదుగా, పల్చటి కొత్త గొంతు, "సుగవారా చిహయ గారూ! సుగవారా చిహయ గారూ!"

అందరూ విన్నారు. ఎవరూ తల తిప్పలేదు, మామూలు పేరు, మామూలు పిలుపు, ఎవరో ఒకావిడ లేచి వెళుతుంది అంతే. రెండోసారి కూడా పిలిచాడు, ఆ రెండోసారి కోసమే ఆగిందేమో ఆమె.

"ఆఁ" అంది. "వస్తున్నా."

అబ్బాయి పుట్టినతేదీ చూశాడు, ఆమె తెల్లజుట్టు చూశాడు. "క్షమించండి, చిహయ గారంటే మీరేనా?"

"వాళ్ళమ్మని."

"అలాగా. ఆవిడ రాలేకపోతే, ఆవిడ స్వహస్తంతో రాసి సంతకం పెట్టిన కాగితం ఒకటి కావాలండీ. పనిలో ఉన్నారా?"

"పనిలోనే" అంది. "దూరంగా ఉంటుంది."

"అయితే తొందరేం లేదు, వీలున్నప్పుడు పంపమనండి" అని పాసుపుస్తకాన్ని రెండు చేతులతో వెనక్కిచ్చాడు.

కారులో రేడియో పాట పెట్టుకుని అద్దం తుడుస్తున్నాడు కెన్సకు. ఆమె కూర్చుని తలుపేసింది, గొడుగు కాళ్ళ దగ్గర పెట్టింది, వాన చుక్కలు చెవి వెనకనుంచి మెడమీదికి దిగుతున్నాయి. "అయిందా?" అన్నాడు, తాళం తిప్పబోతూ. కాలేదంది. ఏం, అన్నాడు. సంతకం కావాలట, అంది. "పెట్టకపోయావా?" ఆమె మెడ దగ్గర చెయ్యి పెట్టుకుని, "నాది కాదండీ. చిహయది" అంది.

అతను తాళం తిప్పలేదు. రేడియో పాట పాడుతూనే ఉంది, దాన్ని ఆపాడు. ఆమె ఒళ్ళోని గుడ్డ తొడుగు వంక చూసి, చెయ్యి చాచాడు, ఆమె ఇచ్చింది. పొద్దున్నే లోపల చూడనన్న మనిషి, జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకున్నాడు, మీటరు చదివినట్టు వేలితో ఒక్కో గీతా చదివాడు. వెయ్యి. వెయ్యి. రెండు వేలు. వేలు ఆగింది, మళ్ళీ కదిలింది. మూడు వేల దగ్గర అతని పెదాలు వయసు లెక్కపెడుతున్నాయని ఆమె చూసింది. పదివేలు, పదివేలు, పేజీ తిప్పాడు.

"ఇక్కడ ఆపేశావేం?"

"ఉద్యోగం వచ్చిందిగా."

తలూపాడు, అది న్యాయమే అన్నట్టు. వేలు కింది గీత మీదికి దిగింది, ఆరేళ్ళ తరువాతి తారీకు, ముప్ఫై వేలు. ఆ అంకె ఏమిటో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. అద్దం మీద వాన కొట్టుకుపోతోంది, ఎవరో ముసలావిడ వీళ్ళ కారు ముందునుంచి పింఛను సంచీ గుండెలకి హత్తుకుని వెళ్ళింది, ఆవిడ దాటేదాకా అతని వేలు ఆ గీత మీదే ఉంది.

"పెళ్ళికి నన్ను పిలవలేదేం, అమ్మా?" అన్నాడు.

 అతను కళ్ళద్దాలు తీసి, తుడవకుండానే జేబులో పెట్టుకున్నాడు. ముందు అరలోంచి ఆ జిప్పు తొడుగు తీసి, తమ పాసుపుస్తకం పక్కన దీన్ని పెట్టి జిప్పు లాగాడు. సగం దాకా వచ్చి ఆగింది. బొటనవేలితో అదిమి ఇంకోసారి లాగాడు, పట్టలేదు, అలాగే తెరిచి ఉంచి ఆమె ఒళ్ళో పెట్టాడు.